చేయి వణకని రోజు

గురువారం ఉదయం తొమ్మిదీ పదికి కూపీ ఆ పరుపుల కార్ఖానాలో అడుగుపెట్టేసరికి, చిన్నకోడలు రెండు జతల బట్టలు పెట్టుకున్న సంచీతో జీపు ఎక్కడానికి సిద్ధంగా నిలబడి ఉంది.

కూపీ అన్నది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. ఇరవై రెండేళ్లు మందుల తనిఖీ శాఖలో పనిచేసి, అక్కడ ఇమడలేక బయటికి వచ్చేసి, పోలీసులు మూయబోయే కేసుల్లో కూపీ లాగుతూ బతుకుతున్నాడు కాబట్టి జనం పెట్టిన పేరు. కోపం తక్కువ, ప్రశ్నలు ఎక్కువ. నిన్న సాయంత్రం ఈ ఇంటి పెద్దావిడ గోడ పట్టుకుని అతని గది మెట్లెక్కి వచ్చింది. "పెద్దకొడుకు పోయాడు నాయనా. కోడల్ని కూడా తీసుకుపోతామంటున్నారు. అది చేసుంటే చేసిందని చెప్పు, చెయ్యకపోతే చెయ్యలేదని చెప్పు. ఏదైనా నీ నోటే వింటాను" అంది.

జరిగింది ఇంతే. బుధవారం ఉదయం ఏడూ ఇరవైకి ఆమె పెద్దకొడుకు ఆయాసంతో చనిపోయాడు. యాభై ఎనిమిదేళ్లు, పెళ్లి చేసుకోలేదు, కార్ఖానాయే సంసారం, దాన్ని ఆనుకునే ఇల్లు. ఆఖరి గంటలో పీల్చే మందు నొక్కి ఇచ్చింది తమ్ముడి భార్య. మూడు నెలల క్రితం ఆయన కార్ఖానాని రాసిచ్చింది కూడా ఆమె పేరనే. ఇన్‌స్పెక్టర్‌కి ఈ రెండు ముక్కలూ చాలాయి. స్టేషన్లో ఆయన్ని వెనకాల 'తొందర' అని పిలవడం ఊరికే కాదు.

"కూపీగారూ, భోజనాలయ్యాక వచ్చిన చుట్టంలా వచ్చారే" అన్నాడు తొందర.

"గిన్నెలు ఇంకా కడగలేదుగా సార్. అడుగున ఏముందో చూసి పోతాను."

తొందర జేబులోంచి పారదర్శకమైన సంచీ తీసి ఎత్తి చూపించాడు. లోపల నీలం రంగు ఇన్‌హేలర్, వెనక చిన్న అంకెల కిటికీ. అందులో నూట అరవై.

"రెండు వందల పఫ్‌ల కొత్త డబ్బా. సోమవారం సాయంత్రం కొన్నారు. బుధవారం పొద్దున్నకి నలభై ఖర్చు. ఒకటిన్నర రోజులో నలభై. గుండె దడదడలాడి ఆగిపోయింది. నొక్కిన చెయ్యి ఈవిడది, కార్ఖానా ఈవిడది. పదింటికి బయల్దేరుతున్నాను. మీకు యాభై నిమిషాలుంది."

"గుండె ఆగిందని డాక్టర్ అన్నాడా?"

"అన్నాడు."

"చచ్చిన ప్రతివాడికీ గుండె ఆగుతుంది సార్. ఊపిరితిత్తుల గురించి ఏమన్నాడు?"

"ఉబ్బిపోయి ఉన్నాయట. గొట్టాలు బిగుసుకుపోయి, జిగురు అడ్డుపడిందట. ఆయాసం మనిషికి అంతే కదా."

"ఈ మందు పని ఆ గొట్టాల్ని తెరవడం. నలభై పఫ్‌లు లోపలికి పోతే గుండె అదుపు తప్పొచ్చు, కాదనను. కానీ గొట్టాలు ఇంత బిగుసుకుని ఉండవు. తాళం వేసి ఉన్న తలుపు చూపించి, తాళంచెవి ఎక్కువసార్లు తిప్పింది అంటున్నారు మీరు."

"డాక్టర్ కూడా మీరేనా?"

"కాదు. అందుకే అడుగుతున్నాను."

తొందర గడియారం చూసుకున్నాడు. కూపీ చిన్నకోడలి దగ్గరికి వెళ్లాడు. ముప్పై ఐదేళ్లుంటాయి. కళ్లు వాచి ఉన్నాయి కానీ గొంతు నిలకడగానే ఉంది.

"నలభైకీ లెక్క చెప్పగలవా అమ్మా?"

"చెప్తానండీ. కొత్తదని మందుల షాపాయన గాల్లోకి నాలుగు నొక్కాడు, మందు సరిగా రావడానికి. సోమవారం రాత్రి బావగారు రెండు పీల్చారు. మంగళవారం పద్నాలుగు. బుధవారం నేను ఇరవై నొక్కాను. మందు నేరుగా లోపలికి పోయేలా మూతికి ప్లాస్టిక్ బుంగ తగిలించి, ఒక్కోటీ నిమిషం ఆగి."

"మంగళవారం పద్నాలుగు. మామూలుగా ఎన్ని?"

"రెండో, నాలుగో. పద్నాలుగు ఎప్పుడూ లేదు. డాక్టర్ దగ్గరికి పోదామంటే, ఇదిగో ఈ ఆర్డరు అవ్వనీ అన్నారు."

"రోజూ పీల్చాల్సిన రెండో మందు ఉండాలే. ఊపిరి గొట్టాల్లో వాపు తగ్గించేది."

"మానేశారండీ. అది పీల్చినా పీల్చకపోయినా ఒకేలా ఉంది, నీలందైతే చిటికెలో పనిచేస్తుంది అనేవారు."

కూపీ తల ఊపాడు. తన ఉద్యోగంలో ఈ మాట వందసార్లు విన్నాడు. ఇల్లు కాలకుండా చూసేవాడి మీద ఎవరికీ గురి ఉండదు, మంట ఆర్పేవాడి మీదే ఉంటుంది. పైగా ఆ నీలం మందు అవసరం ఉన్నట్టుండి పెరగడమే పెద్ద హెచ్చరిక. అదే తొందరకి నేరంలా కనిపించింది.

"బుధవారం వేళలు?"

"ఆరూ పదికి బావగారు గోడ తట్టి పిలిచారు. అప్పటికే మాట రావట్లేదు. ఆరూ పదిహేను నుంచి ఆరూ ఇరవై ఐదు దాకా పది. తగ్గలేదు. ఆరూ నలభై ఐదుకి మళ్లీ మొదలుపెట్టి ఇంకో పది. ఏడింటికి అంబులెన్స్‌కి ఫోన్ చేశాను. ఏడూ పన్నెండుకి వచ్చింది. అప్పటికి..." ఆమె ఆగింది. "గోడకి కార్డు ఉందండీ, డాక్టర్ ఇచ్చింది. అందులో ఉన్నట్టే చేశాను."

ఆమె భర్త, చనిపోయినాయన తమ్ముడు, గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. వీధి చివర కార్ల ఏసీలు బాగుచేసే షెడ్డు అతనిది. నిన్నటి నుంచి తిండి లేదని పెద్దావిడ చెప్పింది. కూపీ అతన్ని చూసి తల పంకించి, పని జరిగే పెద్ద గదిలోకి వెళ్లాడు.

దూది ఏకే యంత్రం ఆగిపోయి ఉంది. పొద్దుటి ఎండలో దూది పొగలా తేలుతోంది. ఆయాసం మనిషి ముప్పై ఏళ్లు ఈ గాలి పీల్చాడా అనుకున్నాడు కూపీ. పీల్చకపోతే ఇంతమందికి కూడెక్కడిది అని ఆయన అనేవాడట. ఏది తప్పో దేవుడే చెప్పాలి.

సగం కుట్టిన పరుపు పక్కన పాతికేళ్లుగా ఇక్కడే కుట్టుపని చేస్తున్న పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు. అందరూ 'దారం' అంటారు. కూపీ అతని ఎదురుగా నేలమీదే కూర్చున్నాడు.

"మంగళవారం నువ్వూ ఆయనా కలిసి పనిచేశారా?"

"ఇదే పరుపు బాబూ. ఆ చివర ఆయన, ఈ చివర నేను."

"మందు పీల్చడం చూశావా?"

"పదకొండింటికి ఆరు పీల్చారు. అన్నగారూ, పొగ తాగేవాళ్లు కూడా ఇన్ని దమ్ములు లాగరు అన్నాను. నవ్వారు. ఆయనకి నా మాటలంటే ఇష్టం."

"పీల్చాక ఏం చేశాడు?"

"సూదిలో దారం ఎక్కించుకుని కుట్టారు."

కూపీ ముందుకు వంగాడు. "ఎవరు ఎక్కించారు దారం?"

"ఆయనే." దారం తల ఎత్తాడు. "నిజమే బాబూ. మామూలుగా అయితే నాకిచ్చేవారు. ఆ మందు నాలుగు పీల్చారంటే చేతులు వణికేవి, ఒక అరగంట సూది పట్టలేకపోయేవారు. 'ఇదిగో, పెళ్లికూతురికి పూసలు గుచ్చు' అని నా ముందు పడేసేవారు. ఆ రోజు మాత్రం ఒక్క గురికి ఎక్కించేశారు. 'చూశావా, చెయ్యి దారికొచ్చింది, నీ ఉద్యోగం పోయింది' అని ఏడిపించారు. మంచి శకునం అనుకున్నాం ఇద్దరం."

"నాలుగు పీల్చినా వణికే చెయ్యి, ఆరు పీల్చాక వణకలేదు."

"అవును బాబూ."

"ఆయనింకేమైనా అన్నాడా, మందు గురించి?"

"నాలుక మీద రుచేమీ తగలట్లేదు, కొత్త రకం కాబోలు అన్నారు. సాయంత్రం మళ్లీ ఎనిమిది పీల్చారు. చెయ్యి అలాగే నిలకడగా ఉంది. ఛాతీ మాత్రం పిల్లిపిల్లలు కూసినట్టు కూసేది."

కూపీ లేచాడు. మోకాళ్ల మీది దూది దులుపుకుంటూ తొందర దగ్గరికి వచ్చాడు.

"సార్, ఆ సంచీ ఒకసారి విప్పాలి."

"సాక్ష్యం అది."

"మీ చేతుల్తోనే విప్పండి. నేను ముట్టుకోను. నలభై పఫ్‌లు పోయాయని మీరు, పోయాయని ఆవిడ. నేను కూడా ఒప్పుకుంటున్నాను. ఆ అంకె నొక్కుళ్లని లెక్కపెడుతుంది. లోపల ఏముందో దానికి తెలీదు."

తొందర విసుక్కుంటూనే చేతులకి తొడుగులు వేసుకున్నాడు. ప్లాస్టిక్ గూట్లోంచి లోహపు డబ్బా లాగి, కూపీ చెప్పిన చోట గోటితో చీటీ అంచు లేపాడు. అది తేలిగ్గా ఊడి వచ్చింది. కింద ఇంకో చీటీ, సగం గీకేసి. మిగిలిన సగంలో గడువు తేదీ కనిపిస్తోంది. రెండేళ్ల క్రితం ముగిసింది.

"గూడు కొత్తది, డబ్బా పాతది" అన్నాడు కూపీ. "ఇప్పుడు ఆ మూలనుంచి తెల్లటి దూది ఇంత తెచ్చి, దానిమీద రెండుసార్లు నొక్కండి."

తొందర నొక్కాడు. బుస్సుమంది. శబ్దంలో ఏ లోటూ లేదు. దూదిమీద మొదట మంచులా తెల్లగా పట్టి, కరిగి, ఆ చోట అర్ధరూపాయి అంత మరక తేలింది. పసుపూ ఆకుపచ్చా కలిసిన రంగు. వేలితో రాస్తే నూనె.

"ఏంటిది?" తొందర దూదిని వెలుగుకి ఎత్తి పట్టాడు.

"కారు ఏసీలో నింపే గ్యాస్. అది ఎక్కడైనా కారుతుంటే కంటికి కనబడాలని రంగు నూనె కలుపుతారు. వాడేసిన డబ్బాల్లోకి మిషనుతో దాన్ని ఎక్కించారు." కూపీ తన సంచీలోంచి ఇంకో ఇన్‌హేలర్ తీశాడు. "ఇది ఈ పొద్దున ఎనిమిదింటికి, పెద్దావిడ చెప్పిన అదే షాపులో, అదే అరలోంచి నేను కొన్నది. షాపాయన డబ్బా తీసి గ్లాసు నీళ్లలో వేశాడు. మునిగింది చూడండి, నిండుగా ఉంది అన్నాడు గర్వంగా. ఆ పరీక్షని నమ్మకూడదని కంపెనీవాళ్లు ఏళ్ల నుంచి మొత్తుకుంటూనే ఉన్నారు. ఇది నిండుగా ఉందన్నది నిజమే. దేంతో నిండిందో నీళ్లు చెప్పవు."

రెండో దూది ముక్కమీద అదే మరక వచ్చింది.

"పాత డబ్బాలు ఎక్కడివి?"

"ఆ షాపు గుమ్మంలోనే పెట్టె ఉంది. 'ఖాళీ ఇన్‌హేలర్లు చెత్తలో పారేయకండి, మంటల్లో పడితే పేలతాయి, ఇందులో వేయండి' అని రాసి ఉంది. జనం బుద్ధిగా వేస్తున్నారు."

తొందర వాకిట్లోకి వెళ్లి ఉమ్మేసి వచ్చాడు. కూపీకి కూడా నాలుకమీద నూనె రాసుకున్నట్టే ఉంది. ఎవరో నోట పెట్టుకుని వదిలేసిన డబ్బా, ఇంకెవరికో ఊపిరాడని వేళ. కుళ్లిన సరుకు అమ్మేవాణ్ణి చూశాడు, సుద్దపొడి మాత్రలు చేసేవాణ్ణి చూశాడు. ఇంత రోత ఎప్పుడూ పుట్టలేదు.

చిన్నకోడలు తన కుడి బొటనవేలు వంక చూసుకుంటోంది. ఆ వేలితోనే నొక్కింది.

"మరి ఇదంతా ఈవిడ చేయించలేదని ఏంటి నమ్మకం?" అన్నాడు తొందర. మాటలో మునుపటి బలం లేదు. "గ్యాస్ తెలిసిన మొగుడు ఇంట్లోనే ఉన్నాడు."

"ఏసీ షెడ్లు ఊరంతా ఉన్నాయి" అన్నాడు తమ్ముడు గుమ్మం దగ్గర్నుంచి. పొద్దున్నుంచి అతను నోరు విప్పడం అదే మొదలు. "గ్యాస్ అందరూ వాడతారు."

"నిజమే" అన్నాడు కూపీ నెమ్మదిగా. "అందుకే నేను ఎవరి పేరూ అనలేదు."

అప్పటిదాకా ఓ మూల మంచంమీద కూర్చుని వింటున్న పెద్దావిడ లేచి వచ్చింది. తొందర చేతిలోని లోహపు డబ్బాని కళ్లకి దగ్గరగా పెట్టించుకుని చూసింది. చాలాసేపు చూసింది.

"చిన్నోడా, పోయినవారం డాబామీద ఆరబెట్టినవి ఇవేనా?"

అతను గుమ్మంలోంచి ఒక అడుగు వెనక్కి వేశాడు.

"సెంటు డబ్బాలన్నావు. బుట్టెడు ఉన్నాయి. తడి ఆరలేదంటే గుడ్డ పెట్టి తుడిచాను. నేను కూడా తుడిచాను కదరా."

"అమ్మా, నువ్వు లోపలికెళ్లు."

"లోపలికెందుకు? నా కొడుకు గొంతులోకి పోయిందాన్ని నా చేత్తో తుడిపించుకుని ఇప్పుడు లోపలికెళ్లమంటావా?"

తమ్ముడు గోడకి జారగిలబడి నేలమీద కూర్చుండిపోయాడు. తర్వాత అన్నీ ఒక్కసారిగా చెప్పాడు, చెప్పేస్తే తేలికవుతుందన్నట్టు. షాపాయన అడిగాడు. గ్యాస్ నింపి ఇస్తే చాలన్నాడు. దూరపు ఊళ్లకి పోతాయన్నాడు. అన్న ఎప్పుడూ ఆస్పత్రి పక్కనున్న షాపులోనే కొనేవాడు. సోమవారం అది మూసి ఉంటుందని తనకేం తెలుసు?

"అది విషం కాదండీ" అన్నాడు కూపీతో, బతిమాలుతున్నట్టు. "అసలు మందులో కూడా అలాంటి గ్యాసే తోస్తుంది. మనిషికేం కాదన్నాడు."

"విషం కాదు, నిజమే" అన్నాడు కూపీ. "మందు కూడా కాదు. ఊపిరాడని వాడికి అది చాలు."

"ఎన్ని నింపావు?" తొందర అడిగాడు.

"మూడు వందల ఇరవై."

"ఎన్ని అమ్ముడయ్యాయి?"

"నాకు తెలీదు. అరలో ఓ వంద ఉండొచ్చు."

తొందర బయటికి పరుగెత్తి జీపు దగ్గరి ఇద్దరు కానిస్టేబుళ్లనీ షాపుకి తరిమాడు. ఆస్పత్రికి ఫోన్ చేశాడు, ఆ షాపు సరుకు ఎవరి దగ్గరున్నా వాడొద్దని చాటింపు వేయించమని పై అధికారికి ఫోన్ చేశాడు. తొందర అన్న పేరు ఆ ఒక్క పావుగంట అతనికి గౌరవంగా కుదిరింది. ఇంకా రెండు వందల ఇళ్లలో ఎవరో ఒకరు తెల్లారుజామున లేచి ఆ నీలం గూడు నోట పెట్టుకుంటారు.

తిరిగి వచ్చి చిన్నకోడలితో, "సంచీ లోపల పెట్టుకోమ్మా. నిన్ను తీసుకెళ్లను" అన్నాడు. తర్వాత కూపీతో గొణిగాడు. "సరే, ఒప్పుకుంటున్నా. కానీ ఇది కల్తీ కేసు. వీడు అన్నని చంపాలనుకోలేదు."

"మంగళవారం దాకా అనుకోలేదు" అన్నాడు కూపీ.

అతను దూది ఏకే యంత్రం పక్కనున్న స్తంభం దగ్గరికి నడిచాడు. దాని మీద మేకుకి వేలాడుతున్న కార్డు తీసి, పట్టిన దూదిని ఊదాడు.

"ఇందాక తొంగి చూశాను, లోపలి గదిలో మంచం పైన ఒట్టి మేకు ఉంది. చుట్టూ గోడ నల్లబడి, కార్డు ఉన్నంత మేర తెల్లగా ఉంది. ఆ కార్డు ఇప్పుడు లేదు. ఈ డాక్టర్ రెండిస్తాడు, ఒకటి ఇంట్లోకి, ఒకటి పనిచేసే చోటికి. చదువుతాను వినండి. 'ఒకటి. నిమిషానికి ఒక పఫ్ చొప్పున పది వరకు. రెండు. పదికి తగ్గకపోతే వెంటనే అంబులెన్స్ పిలవండి. మూడు. అది వచ్చేలోపు మళ్లీ పది.'" అతను చిన్నకోడలి వైపు తిరిగాడు. "ఆరూ ఇరవై ఐదుకి పది అయిపోయాయి. ఫోన్ ఏడింటికి చేశావు. అంబులెన్స్ పన్నెండు నిమిషాల్లో వచ్చింది. ఆరూ ఇరవై ఐదుకే చేసి ఉంటే ఆరూ ముప్పై ఏడుకి ఆక్సిజన్ ఈ గుమ్మంలో ఉండేది. ఎందుకు ఆగావు తల్లీ?"

ఆమె నేలమీద కూర్చున్న భర్త వైపు చూసింది.

"నేను ఫోన్ తీశానండీ. ఆయన ఆపారు. కార్డు ఆయన చేతిలో ఉంది. 'ఇరవై నిమిషాలు ఆగి మళ్లీ పది, అని ఉంది. ఊరికే కంగారుపడకు' అన్నారు."

"అంబులెన్స్ వస్తే ఇన్‌హేలర్ కూడా ఆస్పత్రికి పోతుంది, గుట్టు బయటపడుతుంది" అన్నాడు కూపీ తమ్ముడితో. "ఆ లోహం మీద మంచు పట్టడం నువ్వు చూశావా నాయనా? నీ గ్యాస్ నీకు తెలీకుండా ఉండదు."

తమ్ముడు తల ఎత్తలేదు. "మూడోదానికే తెలిసింది" అన్నాడు నేలతో. "అన్నకి దానంతట అదే తగ్గుతుందనుకున్నా. చాలాసార్లు తగ్గింది." భార్య వైపు వేలు చూపి, "నొక్కింది నేను కాదు సార్. దాన్నడగండి. నొక్కింది అదే" అన్నాడు.

తొందర చెయ్యి లేచింది. కూపీ పట్టుకుని ఆపాడు.

చిన్నకోడలు సంచీ కింద పెట్టింది. పెళ్లయిన పదమూడేళ్లలో భర్తని ఏకవచనంలో పిలవని మనిషి.

"అవును, నేనే నొక్కాను. రాసుకోండి సార్" అంది తొందరతో. "ఇరవై సార్లు నొక్కాను. బావగారి తల నా భుజం మీద పెట్టుకుని నొక్కాను." భర్త వైపు తిరిగింది. "నిమిషం తప్పకూడదని నువ్వే గడియారం పట్టుకున్నావు. ఒకటీ, రెండూ అని పైకి లెక్కపెట్టావు. మూడు దగ్గర నీకు తెలిసింది. ఇరవై దాకా లెక్కపెట్టావు."